నిప్పుటేరు ఏ దారిన పోవును?

ఉప్పల్‌లో గాని నాచారములో గాని ఇల్లు కట్టుకొన్నవారికి అచ్చటి నేల సంగతి మేము చెప్పనక్కరలేదు. పునాది త్రవ్వినపుడు ముందు ఎర్రమన్ను, దాని క్రింద మొరము, ఆ క్రింద గడ్డపారను తిప్పికొట్టెడి గట్టి రాయి. బోరు వేయించినవారు ఆ రాతిలో ఎన్ని అడుగులు దిగవలసి వచ్చెనో, అడుగునకు ఎంత చెల్లించిరో ఇప్పటికిని మరచియుండరు. ఈ రాయి గ్రానైటు. భూమి లోపల లోతున కరిగియున్న పదార్థము పైకి రాకుండ అక్కడనే మిక్కిలి మెల్లగా చల్లారి గడ్డకట్టగా ఏర్పడినది. వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. అనగా ఉప్పల్ వాసి నిత్యము నడచునది ఒకప్పటి నిప్పు మీదనే. ఆ నిప్పు వెలుపలికి వచ్చి ప్రవహింపలేదు, అంతే భేదము.

ప్రవహించిన నిప్పును చూడవలెనన్నచో పడమరగా వికారాబాదు దిక్కునకు పోవలెను. పోయినకొలది బూడిదరంగు గుండ్లు తగ్గి నల్లరేగడి నేలలును, వాటి క్రింద నల్లరాయియు కానవచ్చును. ఆ నల్లరాయి బసాల్టు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట నేల బీటలువారి, వెలికుబికిన లావా పొరమీద పొరగా పరచుకొనగా దక్కను పీఠభూమి పడమటి భాగమంతయు దాని క్రింద మునిగెను. వానకును నదులకును కోసుకొనిపోయినది పోగా, నేటికిని మిగిలినది 5 లక్షల చదరపు కిలోమీటర్లు. అజంతా గుహలను తొలిచినది ఈ రాతిలోనే.

ఇంతవరకు వింత లేదు. వింత యంతయు తూర్పున నున్నది. హైదరాబాదు మొదలుకొని తూర్పుగా పోవువానికి వందల కిలోమీటర్ల దూరము ఈ నల్లరాయి మరల కనబడదు. గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరము చేరినంతనే కనబడును. ఎడమగట్టున కాటేరు, కుడిగట్టున గౌరీపట్నము, దుద్దుకూరు గ్రామములలో క్వారీలనుండి రోడ్లకు కంకర కొట్టి పంపుచున్నది ఈ రాతినే. సముద్రము దిక్కుగా ఇంకను పోయినచో అది డెల్టా ఒండ్రుమట్టి క్రిందకు దిగిపోవును. చమురు కొరకు వేసిన లోతు బావులలో నరసాపురము ప్రాంతమున ఇదే బసాల్టు తగిలినది. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ పొరకు రాజోలు పేరే పెట్టిరి.

ఇంత దూరమున ఈ రాయి ఎట్లు వచ్చెను? అక్కడనే నేల పగిలి లావా వెలువడియుండునని కొందరు తలచిరి. రాతిలోని రసాయన ద్రవ్యముల పాళ్ళను, రాయి గడ్డకట్టునాడు అందులో నిలిచిపోయిన అయస్కాంత దిశను కొలిచి చూచినవారు వేరొక నిర్ణయమునకు వచ్చిరి. రాజమహేంద్రవరపు లావాపొరలలో అడుగుననున్నవి నేటి దిశకు వ్యతిరేకముగను, పైనున్నవి నేటి దిశలోనే అయస్కాంతత్వము పొందియున్నవి. రెండింటి నడుమ, ఆల్చిప్పలు నత్తగుల్లలు వంటివి చిక్కుకొనిన ఒక పలుచని మన్ను పొర కలదు. ఈ క్రమమును, ఈ రసాయనపు పాళ్ళును పడమటి కనుమలలో మహాబలేశ్వరము ప్రాంతమునందలి పొరలతో సరిపోవుచున్నవి. కావున ఆ లావా పడమటి కనుమల ప్రాంతమున పుట్టి, ఆనాటి నదీలోయలను పట్టుకొని, సుమారు 1000 కిలోమీటర్లు ప్రవహించి, తీరమున కడలిని చేరినదని వారి మతము. ఇది నిజమైనచో భూమిమీద మనమెరిగిన లావా ప్రవాహములలో ఇంతకు మించిన పొడవుగలది లేదు. మాకు ఈ రెండవ మతమే బలముగా తోచుచున్నది.

నిప్పువంటి ద్రవము వేయి కిలోమీటర్లు పోవునంతవరకు చల్లారకుండుట ఎట్లని సందేహము కలుగవచ్చును. కాచిన పాలను దింపి పెట్టినపుడు పైన మీగడ కట్టును గదా. ఆ మీగడ క్రింద పాలు చాలసేపు వేడిగానే యుండును. లావాకును అంతే. పైభాగము గాలి తగిలి గట్టి పెంకుగా మారును. రాయి వేడిని సులభముగా పోనీయదు గనుక ఆ పెంకు క్రింద ద్రవము మూతవేసిన కాలువలో వలె వేడి చెడకుండ ముందుకు సాగును. వెనుకనుండి సరఫరా ఆగనంతకాలము ప్రవాహము ఆగదు.

ఈ పూర్వకథలో మాకు కావలసిన విషయము ఒకటి కలదు. ఆ లావా ఇష్టము వచ్చినట్లు పోలేదు, లోయను పట్టుకొని పోయినది. నేల ఎటు వాలియున్నదో అటు పోయినది. నీరైనను, బురదయైనను, కరిగిన రాయియైనను ఈ ధర్మమునకు లోబడవలసినదే. అట్లైనచో నేల ఎత్తుపల్లములు ముందే కొలిచి పెట్టుకొన్నవాడు, ప్రవాహము రాకముందే దాని దారిని చెప్పగలడా? ఈ ప్రశ్నకు కంప్యూటరు సాయముతో సమాధానము చెప్పుటయే నేడు అగ్నిపర్వతముల క్రింద నివసించువారికి ప్రమాద పటములు గీయు శాస్త్రము.

ముందుగా ఒక భయము తీర్చవలెను. ఉప్పల్ క్రింద గాని నాచారము క్రింద గాని అగ్నిపర్వతము లేదు, లావా వచ్చునన్న శంకయు లేదు. భారతదేశమున ఇప్పటికిని రగులుచున్న అగ్నిపర్వతము ఒక్కటే. అది అండమానులలోని బ్యారెన్ ద్వీపము. పోర్టు బ్లేరు నగరమునకు (2024లో దీనికి శ్రీ విజయ పురము అని పేరు మార్చిరి) ఈశాన్యమున సుమారు 140 కిలోమీటర్ల దూరమున సముద్రమునందున్నది. ద్వీపము అడ్డముగా 3 కిలోమీటర్లు మాత్రమే, మనుష్యులు నివసింపరు. 19వ శతాబ్దారంభము తరువాత చాలకాలము నిద్రించి 1991లో మేల్కొనెను. అటుపిమ్మట అనేక పర్యాయములు బూడిద, లావా చిమ్మెను. పాతబిలపు గోడ పడమటివైపున విరిగియున్నది. లావా ఆ ఒక్క వాకిటినుండియే సముద్రమునకు దిగుచున్నది. అంతటి చిన్న ద్వీపములోను నేలవాలే దారి చూపుచున్నదన్నమాట. పోర్టు బ్లేరులో మన తెలుగువారు చాలమంది కాపురమున్నారు. ఆ లావా వారిదాక రాజాలదు.

ఇక పటము గీయు విధానమునకు వత్తము. సంక్రాంతి ముంగిట పెట్టు చుక్కల ముగ్గును తలచుకొనుడు. అడ్డముగను నిలువుగను సమానదూరమున చుక్కలు. ప్రతి చుక్క ప్రక్కన అచ్చట నేల సముద్రమట్టమునకు ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నదో ఒక అంకె వ్రాసినట్లు ఊహింపుడు. ఒక పర్వతమంతటికిని ఇట్టి ముగ్గు వేసినచో లక్షల చుక్కలగును. వాటిని పెట్టునది ఉపగ్రహమో విమానమో. లెక్క నిలుపుకొనునది కంప్యూటరు.

లావా వెలువడునని తలచిన చుక్కకడ నిలువబడి చుట్టునున్న ఎనిమిది చుక్కలను చూడవలెను. వాటిలో ఏది అన్నింటికంటె నిటారుగా క్రిందనున్నదో దానికి దిగవలెను. అక్కడ మరల ఎనిమిదింటిని చూడవలెను. ఇట్లు దిగుచు పోయినచో ఒక గీత ఏర్పడును. బడిపిల్లవాడు కూడ చేయదగిన పనియే. కాని ఈ ఒక్క గీతను నమ్ముకొన్నవాడు మోసపోవును. ఏలయనగా కొలతలో కొంత తప్పు ఉండకమానదు. అంతేకాక లావా నీటివలె పలుచనిది కాదు. దానికి మందము కలదు గనుక చిన్న గట్లను మునిగించి దాటిపోగలదు, తాను గడ్డకట్టి తన దారికే తాను అడ్డుపడి ప్రక్కకు తిరుగగలదు.

దీనికి ఇటలీ దేశపు శాస్త్రజ్ఞులు ఒక చక్కని ఉపాయము కనిపెట్టి 2005లో ప్రకటించిరి. ప్రతి చుక్క ఎత్తును పాచికలు వేసినట్లు కొంచెము పైకో క్రిందికో జరుపుదురు. ఎంతవరకు జరుపవచ్చునో లావా మందమును బట్టి ముందే హద్దు పెట్టుకొందురు. అట్లు మార్చిన నేలమీద గీత గీయుదురు. మరల పాచికలు వేసి మరియొక గీత. ఇట్లు వేలకొలది పర్యాయములు. మనుష్యునకు జీవితకాలము పట్టు ఈ పనిని కంప్యూటరు కొద్దిసేపటిలో ముగించును. చివరకు ఏ చుక్కమీదుగా ఎన్ని గీతలు పోయెనో లెక్కించి, ఎక్కువ పోయినచోట ముదురు రంగు, తక్కువ పోయినచోట లేతరంగు వేయుదురు. పటము మీది రంగునకు అర్థమిదే. ముదురు రంగులోని ఇల్లు తప్పక కాలునని గాని, లేతరంగులోనిది తప్పక మిగులునని గాని దాని భావము కాదు. వేయి ఊహలలో ఎన్నింట లావా ఆ యింటిని తాకెనో అది చెప్పుచున్నది.

ఇంకొక పద్ధతి ప్రవాహపు గుణమును కూడ లెక్కలోనికి తీసికొనును. దోసెపిండిని పెనముపై వేసినచో తనంతట తానే పరచుకొనును. ముద్దపప్పు పెట్టినచో పళ్ళెము కొంత వంచినదాక కదలదు. కదిలించుటకు కనీసము ఇంత వాలు, ఇంత మందము కావలెనన్న పట్టుదల దానికి కలదు. లావాకును అట్టి పట్టుదల యుండి, చల్లారినకొలది పెరుగుచుండును. నేలను గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఎంత మందము లావా ఉన్నది, ఎంత వేడిగానున్నది, ప్రక్కగడికి ఈ క్షణమున ఎంత ఇచ్చును అని లెక్కకట్టుచు క్షణక్షణమునకు ముందుకు సాగుదురు. జపాను శాస్త్రజ్ఞులు సకురజిమా మొదలైన తమ దేశపు అగ్నిపర్వతముల పాతప్రవాహములను ఇట్లు కంప్యూటరులో మరల నడిపించి, నిజముగా పోయిన దారితో పోల్చిచూచి 1990లో ప్రకటించిరి. సిసిలీ ద్వీపమున ఎట్నా పర్వతము క్రిందనున్న కటానియా పరిశోధకులు ఈ విధానమును ఎంతో అభివృద్ధి చేసిరి. ఇందు అన్నింటికంటె కీలకమైన అంకె, క్షణమునకు ఎన్ని ఘనపు మీటర్ల లావా వెలువడుచున్నదన్నది. అది ఎక్కువైనచో ప్రవాహము దూరము పోవును, తక్కువైనచో దగ్గరనే ఆగును.

ఆఫ్రికా ఖండమున కాంగో దేశములో గోమా అను పట్టణము కలదు. దాని ఉత్తరమున నైరగాంగో పర్వతము. 2002 జనవరి 17వ తేదీన ఆ పర్వతపు దక్షిణపార్శ్వము పగిలి, లావా పట్టణములోనికి దిగి, విమానాశ్రయపు రన్‌వే కొంత మింగి, నడిబజారు మీదుగా కీవూ సరస్సున పడెను. లక్షలమంది ఇండ్లు వదలి పరుగెత్తిరి. పిమ్మట ఇటలీవారు తమ పాచికల పద్ధతిని 2002 నాటి ప్రవాహముతో సరిచూచుకొని, గోమాకు ప్రమాద పటము తయారుచేసి 2009లో ప్రచురించిరి. ఇచ్చట చిక్కేమనగా బీట ఎక్కడ పడునో ముందు తెలియదు. కొండమీదనే పడవచ్చును, ఊరి పొలిమేరకును రావచ్చును. కావున కంప్యూటరులో అన్నిచోట్లను బీటలు వేసి చూడవలసి వచ్చెను. అడ్డుకట్టలు కట్టినచో ఏమగునో కూడ లెక్కలోనే కట్టి పరీక్షించిరి. ఒక పేటను కాపాడిన కట్ట ప్రవాహమును ఎచ్చటికో ఒకచోటికి పంపవలసినదే గదా. ఆ ఎచ్చటికో ఎవరి పేటయో ముందు తెలియుట మేలు. 2021 మే 22న పర్వతము మరల పగిలినపుడు లావా విమానాశ్రయము చేరువదాక వచ్చి పట్టణపు ఉత్తరపు అంచున ఆగిపోయెను.

హవాయి ద్వీపమున ఇట్టి పటములను అచ్చటివారు ఎట్లు వాడుకొనిరో కూడ చెప్పదగినది. 2014 జూన్ నెలలో కిలావేయా పర్వతమునుండి బయలుదేరిన లావా నెలలతరబడి మెల్లగా అడవిలో ప్రాకుచు, అక్టోబరు చివరకు పహోవా అను ఊరి అంచుకు చేరెను. అచ్చటి పరిశోధనాలయమువారు ఏటవాలు దారుల గీతలను పటముపై గీసి ఎప్పటికప్పుడు ప్రజలయెదుట పెట్టుచుండిరి. తమ వీథి ఏ గీత ప్రక్కన ఉన్నదో ఇంటింట చూచుకొనిరి. ప్రవాహము ఊరిముంగిట నిలిచిపోయినది. నిలువకపోయినను సామాను సర్దుకొనుటకు వ్యవధి చిక్కియుండెడిది.

లావా సాధారణముగా నడచివచ్చును. మనుష్యుడు తప్పుకొనగలడు. అగ్నిపర్వతములు పంపు ప్రవాహములలో అంతకంటె ఎక్కువమందిని మింగినది వేరొకటి కలదు. కొండమీది మంచు కరిగినప్పుడో, పెద్దవాన కురిసినప్పుడో, బూడిదయు రాళ్ళును నీటితో కలిసి తడిసిన కాంక్రీటు వలె లోయవెంట దూకును. జావా భాషనుండి వచ్చిన లాహార్ అను పేరుతో దీనిని లోకమంతట వ్యవహరించుచున్నారు.

1985 నవంబరు 13వ తేదీ. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున నెవాడో డెల్ రూయిజ్ అను మంచుకొండ. అది ఏడాదిగా గురగురలాడుచునే యున్నది. అక్టోబరు నెలలో శాస్త్రజ్ఞులు ఒక ప్రమాద పటమును గీసి ప్రభుత్వమునకు ఇచ్చిరి. అది వార్తాపత్రికలో కూడ అచ్చుపడెను. అందులో లోయ ముఖద్వారమున నున్న ఆర్మెరో పట్టణము బురదప్రవాహపు దారిలో ఉన్నట్లు స్పష్టముగా రంగు వేసియున్నది. 1595లోను 1845లోను బురద వచ్చిన చోటే అది. 1845 నాటి బురద ఎండిన మేటమీదనే ఈ పట్టణము వెలసినది. ఆ పటము కంప్యూటరు గీసినది కాదు. పాతపొరలను త్రవ్వి చూచి మనుష్యులు చేతితో గీసినది. అయినను అది చెప్పినది చెప్పినట్లు జరిగెను.

ఆనాటి మధ్యాహ్నమునుండి పట్టణముపై బూడిద రాలెను. సాయంకాలమునకు జనులను తరలింపవలెనన్న మాట వచ్చెను. బూడిద ఆగగానే ఆ మాటయు ఆగెను. స్థానిక రేడియోలోను, దేవాలయపు ధ్వనివర్ధకములోను, శాంతముగా ఇండ్లలో నుండుడని చెప్పిరి. రేడియో పత్రికలో వ్రాయుచున్న మాకు ఈ వాక్యము వ్రాయునపుడు చేయి తడబడినది. రాత్రి 9 గంటలు దాటిన పిమ్మట పర్వతము పేలెను. మంచు కరిగి లోయలోపడి, దారిలోని మన్నును రాళ్ళను కలుపుకొని పెరుగుచు, 70 కిలోమీటర్లకు పైగా పరుగెత్తి, సుమారు పదకొండున్నరకు ఆర్మెరోను చేరెను. పేలుడునకును ప్రవాహపు రాకకును నడుమ రెండుగంటలకు పైగా వ్యవధి కలదు. ఊరికి ప్రక్కననున్న మెట్టపైకి ఎక్కుటకు ఆ వ్యవధి చాలును. 20,000 మందికి పైగా ఆ పట్టణములోనే చనిపోయిరి. ఇతర గ్రామములను కలుపుకొని మొత్తము సుమారు 23,000.

ఈ ఘోరము పిమ్మట బురదప్రవాహములను లెక్కకట్టు ప్రయత్నములు ముమ్మరమయ్యెను. అమెరికా శాస్త్రజ్ఞులు తొమ్మిది పర్వతములలోని 27 పాతప్రవాహములను కొలిచి 1998లో ఒక సూత్రమును ప్రకటించిరి. అది హైస్కూలు పిల్లలు కాగితముపై చేయదగినంత సులభము. బురద మొత్తము ఎన్ని ఘనపు మీటర్లో చూచి, ఆ అంకె ఘనమూలమును కనుగొని, దానిని దానిచేతనే హెచ్చింపవలెను. ఆ వచ్చిన దానిని 200 చేత హెచ్చించినచో బురద క్రింద మునుగు నేల చదరపు మీటర్లలో వచ్చును. 0.05 చేత హెచ్చించినచో లోయను అడ్డముగా కోసిచూచినపుడు ప్రవాహము నింపు వైశాల్యము వచ్చును. బురద 10 లక్షల ఘనపు మీటర్లనుకొందము. ఘనమూలము 100, దాని వర్గము 10,000. మునుగు నేల 20 లక్షల చదరపు మీటర్లు, అనగా 2 చదరపు కిలోమీటర్లు. లోయ కోతలో నిండునది 500 చదరపు మీటర్లు. బురద ఎనిమిది రెట్లైనచో మునుగు నేల నాలుగు రెట్లగును. లోయ ఇరుకైనచోట ఆ 500 చదరపు మీటర్లు ఎత్తుగా లేచును, వెడల్పైనచోట పలుచగా పరచుకొనును. ఏ మలుపులో ఎంత ఎత్తు లేచునో చుక్కల ముగ్గుపై లెక్కకట్టునది కంప్యూటరు. బురద మొత్తము ఇంతయని ముందు ఊహించుట మాత్రము మనుష్యుని పని. అందుచేత చిన్నది, నడితరము, పెద్దది అని మూడు నాలుగు పరిమాణములకు వేర్వేరు హద్దులు గీసి ఒకే పటముపై చూపుదురు.

అదే కొలంబియా దేశమున 2007లోను 2008లోను నెవాడో డెల్ వీలా అను మరియొక మంచుకొండ బురద పంపెను. 2008 నాటిది ఆర్మెరోను ముంచిన దానికంటె పెద్దది. ఈ పర్యాయము లోయలోని ప్రజలు మెట్టలపైకి ఎక్కిరి. 2007లో ప్రాణనష్టము లేదు. 2008లో చనిపోయినవారు సుమారు పదిమంది.

పటము ఎక్కడ ప్రమాదమో చెప్పును. ఎప్పుడు అన్నది చెప్పుటకు వేరొక సాధనము కావలెను. ఇచ్చట మన ఉప్పల్ రోడ్డు ప్రసక్తి వచ్చుచున్నది. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఆ రోడ్డుననే యున్నది. హబ్సిగూడ మీదుగా ఉప్పల్ పోవు బస్సులోనివారు దాని ప్రహరీని దినదినము చూచుచునే యుందురు. ఈ సంస్థవారు ఉత్తరాఖండమున భూకంపములను నమోదుచేయు యంత్రములను నెలకొల్పియున్నారు. 2021 ఫిబ్రవరి 7న చమోలీ జిల్లాలో ఒక కొండచరియ విరిగి, సుమారు 2 కోట్ల 70 లక్షల ఘనపు మీటర్ల రాయియు మంచును ఋషిగంగ లోయలో పడెను. అగ్నిపర్వతము లేకున్నను అది లాహార్ వంటిదే. మంచు రాపిడికి కరిగి, రాయి పిండియై, బురదయేరుగా ధౌళిగంగలోనికి దూకెను. జలవిద్యుత్ కేంద్రములలో పనిచేయుచున్న కూలీలతో సహా 200 మందికి పైగా మరణించిరి, కొందరి జాడయే దొరకలేదు.

ఆ ప్రవాహము నేలను రాచుకొనుచు పోవునపుడు పుట్టిన వణుకును ఉప్పల్ సంస్థవారి యంత్రములు పట్టుకొన్నవి. ఆ రికార్డులను జర్మనీ శాస్త్రజ్ఞులతో కలసి పరిశీలించి, ఏ క్షణమున చరియ పడెను, ప్రవాహము ఎంత వేగమున ఏ మలుపు దాటెను అన్నది ఆ వణుకునుండియే చదివి, అదే సంవత్సరము ప్రకటించిరి. ఇట్టి యంత్రముల వలయము ఉన్నచోట ప్రవాహము బయలుదేరిన వెంటనే గుర్తించి దిగువవారికి కబురంపుట సాధ్యమని వారి అభిప్రాయము. ఆ కబురు వలన చిక్కునది కొన్ని నిముషములు మాత్రమే. అన్ని నిముషములలో కూలీ ఏ గట్టు ఎక్కవలెనో ముందుగా పటము చెప్పియుండవలెను. రెండింటిలో ఏది లేకున్నను రెండవది అక్కరకు రాదు.

ఉప్పల్‌లోనే భారత సర్వే శాఖవారి శిక్షణసంస్థయు నున్నది. ఆ శాఖ 1767 నాటిది. చుక్కల ముగ్గునకు ఎత్తులు కొలుచు విద్యను నేర్పు చోటది. భూమి లోపలను వినువారు ఒకచోట, పైని కొలుచువారు ఇంకొకచోట, ఇద్దరును ఒకే పేటలో. ఆ పేటకు లావా రాదని ముందే చెప్పితిమి. నీరు వచ్చును.

మూసీ నది 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన కథ మన పెద్దల నోట విన్నదే. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఎగువన జలాశయములు కట్టిరి. ఇప్పటి ముంపు చాలవరకు నదినుండి కాక చెరువులనుండి వచ్చుచున్నది. 2020 అక్టోబరు 13న కురిసిన వాన నగరపు తూర్పున మిక్కిలి ఉధృతమై, ఘట్‌కేసర్ ప్రాంతమున ఒక దినములో 30 సెంటీమీటర్లు మించినది. ఉప్పల్, రామంతపూరు, హబ్సిగూడ ప్రాంతములలోని పల్లపు కాలనీలు మునిగినవి. నాచారము చెరువైనను, రామంతపూరు చెరువైనను, ఉప్పల్ నల్లచెరువైనను, మిగులునీరు చివరకు దక్షిణమున మూసీని చేరవలసినదే. నేల అటే వాలియున్నది. వాలునకు అడ్డముగా మనము వీథులు వేసితిమి, అలుగు దిగువను ఇండ్లు కట్టితిమి. నీరు పాతదారినే వెదకుకొనెను.

చుక్కల లెక్క నీటికిని వర్తించును. లావాకు పట్టుదల కలదు, నీటికి లేదు గనుక సూత్రము ఇంకను సులభమనిపించును. పనిలో దిగినచో మాత్రము నగరపు లెక్కయే కష్టము. అగ్నిపర్వతపు లోయ వందల అడుగుల లోతుగలది. చుక్కకును చుక్కకును 30 మీటర్ల దూరమున్నను దారి తప్పదు. మన కార్టోశాట్ ఉపగ్రహపు చిత్రములనుండి దేశమంతటికిని చేసిన ఎత్తుల పటము ఆ కొలతదే. నాచారపు సందులో 30 మీటర్ల గడి వేసినచో ఒక ఇల్లు, దాని ప్రహరీ, ముందరి రోడ్డు, మురుగుకాలువ అన్నియు ఒకే అంకెలో కలిసిపోవును. నీరు గడప దాటుటయు దాటకపోవుటయు జానెడు ఎత్తులోనున్నది. ఇచ్చటి ముగ్గునకు చుక్కలు మీటరు దూరమున పడవలెను. విమానమునుండి లేజరు కిరణములు వేసి కొలుచు పద్ధతి అందులకే వచ్చినది. అదియు చాలదు. రోడ్డు క్రింది తూము ఎంత వెడల్పు, అందులో సగము చెత్తతో పూడియున్నదా అన్నది ఆకాశమునుండి కానరాదు.

ఇంకొక కొరత కలదు. గోమా పటమును నమ్మదగినదిగా చేసినది 2002 నాటి లావా ఆగిన చోటుల కొలత. లెక్క సరియైనదో కాదో చూచుకొనుటకు ఒక నిజమైన ప్రవాహపు జాడ కావలెను. లావా తన జాడను రాతిలో వ్రాసిపోవును. రాజమహేంద్రవరమున 6 కోట్ల సంవత్సరములుగా అది చెరగలేదు. వరదనీరు వ్రాయునది గోడమీది మట్టిగీత మాత్రమే. దానిని మనము వచ్చు పండుగకు సున్నము వేసి చెరపివేయుచున్నాము. 2020లో నీరు చొరబడిన ఇండ్లవారు, ఆ గీత గుర్తున్నచో, గడపనుండి ఎన్ని అంగుళముల ఎత్తున ఉండెనో, నీరు ఏ వైపునుండి ఏ గంటకు వచ్చెనో, ఎప్పటికి తీసెనో ఒక కాగితముపై వ్రాసి ఇంటి పత్రములతో కలిపి ఉంచవలెనని మా మనవి. రేపు వీథికి ముంపు పటము గీయుటకు వచ్చినవారు ముందుగా అడుగునది ఆ అంకెలనే.